కొత్త తెలుగు పుస్తకాల కబురు మీకు ఎటునుంచి అందుతోంది?

పుణె పాఠకుడు

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా చాలాకాలంగా పుణెలో ఉంటున్నాను. ఇంగ్లీషులో ఏ పుస్తకం వచ్చిందో, ఏది రాబోతోందో, దాన్ని ఎవరు మెచ్చుకున్నారో, ఎవరు దుమ్మెత్తిపోశారో నేను వెతక్కుండానే నా దాకా వచ్చేస్తుంది. తెలుగు పుస్తకం సంగతి అలా లేదు. ఫలానా నవల బాగుందట అన్న మాట నా చెవిన పడేసరికి దాని తొలి ముద్రణ అయిపోయి, మలి ముద్రణ ఉంటుందో లేదో రచయితకే తెలియని దశలో ఉంటోంది. ‘చతుర’ వచ్చే రోజుల్లో నెలకొక నవల, ‘విపుల’లో దేశవిదేశాల కథలు ఇంటికే చేరేవి కనుక ఈ వెతుకులాట ఇంతగా అవసరపడేది కాదు. ఆ రెండూ నిలిచిపోయాక ఆ స్థానాన్ని ఏదీ పూరించలేదని నా అభిప్రాయం.

మీలో ఎవరికి ఏ దారి నిజంగా ఒక మంచి పుస్తకం దాకా చేర్చిందో చెప్పగలరా? ఉత్త జాబితాలకన్నా, ఆ దారి ఎక్కడ పనికివచ్చింది, ఎక్కడ అక్కరకు రాలేదు అన్నది రాస్తే నాబోటివారికి మేలు చేసినవారవుతారు.

బెజవాడ పాఠకురాలు

నా వారం సోమవారం పత్రికతో మొదలవుతుంది. ఆంధ్రజ్యోతిలో ‘వివిధ’ ఆ రోజే వస్తుంది. సాహిత్యానికి ఒక పుట కేటాయించే దినపత్రికలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ పుటల్లో పెద్ద వ్యాసాలు చదివి, అడుగున చిన్న అక్షరాలతో ఉండేవాటిని చాలామంది వదిలేస్తారు. నాకు ఎక్కువ ఉపయోగపడేవి అవే. ఏ ఊళ్లో, ఏ హాలులో, ఏ పుస్తకాన్ని ఎవరు ఆవిష్కరిస్తున్నారు, ఎవరెవరు మాట్లాడుతున్నారు అని నాలుగు ముక్కల్లో ఇచ్చే ప్రకటన చూడండి. ఆ వక్తలు ఇంతకు ముందు ఏ పుస్తకాల గురించి మాట్లాడారో గుర్తుంటే, రాబోయే పుస్తకం ఏ కోవకు చెందుతుందో సగం తెలిసిపోయినట్టే.

సమీక్ష కింద ‘పుటలు, వెల, ప్రతులకు’ అని ఇచ్చే వరుస ఇంకా ముఖ్యమైనది. ‘ప్రతులకు’ అన్నచోట దుకాణం పేరు లేకుండా రచయిత ఫోను నంబరు మాత్రమే ఉంటే, అది సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకమనీ, బజారులో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోనక్కరలేదనీ గ్రహించి, ఆ వారంలోనే ఫోను చేస్తాను. రచయితలు సంతోషంగా పంపిస్తారు. ఎలా ఉందో చెప్పమని ఆ తరువాత మనకు ఫోను చేస్తారు కూడా. ఆ మొహమాటానికి సిద్ధపడే అడగాలి.

ఇక మా ఊరి పుస్తక మహోత్సవం 1989 నుంచి ఉంది. జనవరి మొదటి వారంలో మొదలై పదీ పదకొండు రోజులు సాగుతుంది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగేది, 2025లో ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగింది. సెలవురోజు సాయంత్రం వెళితే జనాన్ని చూడవచ్చు, పుస్తకాలను చూడలేము. పనిదినాన మధ్యాహ్నం వెళ్లండి. అప్పుడు చిన్న ప్రచురణకర్తలు స్టాలులో తామే కూర్చుని ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. ‘ఈ ఏడాది మీరు వేసినవాటిలో మీకు బాగా నచ్చి, అమ్ముడుపోనిది ఏది?’ అని అడగండి. నా అలమరలో ఉన్న మంచి పుస్తకాల్లో చాలావరకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబుగా వచ్చినవే.

విశ్రాంత గ్రంథపాలకుడు, నల్లగొండ

పుణె పాఠకుడు గారూ, మీ ఇబ్బందికి కారణం మీ నిర్లక్ష్యం కాదు. అచ్చయిన ప్రతి తెలుగు పుస్తకం వివరాలూ ఒకచోట సకాలంలో కనిపించే ఏర్పాటు మనకు ఆచరణలో లేదు. చట్టం అయితే ఉంది. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ప్రతి పుస్తకాన్ని, వెలువడిన 30 రోజులలోగా, కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయంతో సహా మరి మూడింటికీ సొంత ఖర్చుతో పంపాలి. అలా చేరినవాటి ఆధారంగానే జాతీయ గ్రంథసూచి తయారవుతుంది. సొంతంగా కవితా సంపుటి వేసుకునే రచయితలలో ఈ చట్టం పేరు విన్నవారు నాకు అరుదుగా తగిలారు. పంపని పుస్తకం సూచిలోకి ఎక్కదు. పంపినది ఎక్కేసరికి కొత్తదనం పోతుంది.

రెండవ కారణం ముద్రణ సంఖ్య. ఒకప్పుడు 1000 ప్రతులు మామూలు; ఇప్పుడు 500 వేయడానికే ఆలోచిస్తున్నారు, కొందరు డిజిటల్ ముద్రణలో అంతకన్నా తక్కువతో సరిపెడుతున్నారు. అందులో మిత్రులకూ, సమీక్షకులకూ, ఆవిష్కరణ సభకు వచ్చినవారికీ పోగా, దుకాణానికి చేరేవి ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి.

మూడవది చాలామందికి తట్టనిది. మన పుస్తకాలలో అధిక భాగం ఇప్పటికీ ‘అను’ అనే పాతరకం అచ్చు ఫాంట్లతో కూర్చినవే. ఆ అక్షరాలు అచ్చులో అందంగా ఉంటాయి కాని, అంతర్జాలంలో వెతికే యంత్రానికి అవి తెలుగు కావు. అదే డీటీపీ ఫైలు నుంచి తీసిన ముఖచిత్రాన్ని బొమ్మగా ఫేస్‌బుక్‌లో పెట్టి, పైన ‘నా కొత్త పుస్తకం’ అని మాత్రం రాస్తే, ఆ శీర్షికతో వెతికినవారికి అది ఎన్నటికీ దొరకదు. రచయితలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక చిన్న మనవి. పుస్తకం పేరు, మీ పేరు, ప్రచురణకర్త, వెల, దొరికేచోటు, ఈ అయిదింటినీ యూనికోడ్ తెలుగులో, అంటే వెతికే యంత్రాలు గుర్తుపట్టే అక్షరాల్లో, టైపు చేసి ఆ బొమ్మ కింద పెట్టండి. ఆవిష్కరణ సభకు అయ్యే ఖర్చులో వందో వంతు కూడా కాదు.

గ్రంథాలయాలను మరచిపోకండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాము. ఆ డబ్బుతో కొనే పుస్తకాల ఎంపిక ఎలా ఉంటుందన్నది వేరే చర్చ. అందులో ఉండి వచ్చినవాడిగా ఇక్కడ దాని జోలికి పోను. అయినా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాఠకుడు ఫలానా పుస్తకం కావాలని రాతపూర్వకంగా అడిగితే ఆ కాగితానికి విలువ ఉంటుంది. పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప వేరేవి అడిగేవారు లేరని మావాళ్లు చెప్పే సాకు అప్పుడు చెల్లదు.

సిక్కోలు ఉపాధ్యాయుడు

పురస్కారాల వార్తలు చూసి పుస్తకాలు ఎంచుకునేవారు ఒక సంగతి గమనించాలి. కేంద్ర సాహిత్య అకాడమీ ప్రధాన పురస్కారం కొత్త పుస్తకానికి ఇచ్చేది కాదు. 2024 పురస్కారానికి పరిశీలించినవి 2018 నుంచి 2022 చివరి వరకు తొలిసారి అచ్చయిన పుస్తకాలు. అంటే ఆ ప్రకటన మనకు కొత్త వార్తే కాని, పుస్తకం పాతది. దుకాణానికి పరుగెత్తేసరికి ప్రతి దొరకకపోవడానికి ఇదొక కారణం. కనుక నేను ఆ ప్రకటనను వేరే విధంగా వాడుకుంటాను. 2023లో తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారికి కథల సంపుటికి వచ్చింది. ఆ ఒక్క పుస్తకం దగ్గరే ఆగకుండా, ఆయన మిగతా రచనలు ఎవరు వేశారో, ఆ ప్రచురణకర్త ఇంకా ఎవరిని వేస్తున్నారో చూశాను. అలా వెళితే పురస్కారం రాని మంచి రచయితలు నలుగురైదుగురు తగులుతారు.

అదే అకాడమీ ఇచ్చే యువ పురస్కారం నాకు ఇంకా ఉపయోగపడింది. 35 ఏళ్లలోపు వారికి 2011 నుంచి ఇస్తున్నారు. పళ్లిపట్టు నాగరాజు (2022), రమేశ్ కార్తీక్ నాయక్ (2024) వంటివారి పేర్లు, వారు తెచ్చిన సీమ పలుకుబళ్లు, తండాల జీవితం, మా పాఠశాల గ్రంథాలయంలోకి ఆ దారినే వచ్చాయి.

అమెరికాలోని తెలుగువారి సంఘం ‘తానా’ నడిపే నవలల పోటీని కూడా గమనిస్తూ ఉండండి. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ ముందు 2017లో తానా బహుమతి పొంది, 2019లో అకాడమీ పురస్కారం అందుకుంది. పోటీ ఫలితం వచ్చిన నాడే కొన్నవారు రెండేళ్లు ముందున్నారన్నమాట.

కథలు చదివేవారికి మాత్రం అన్నిటికంటే నమ్మకమైన దారి కథాసాహితివారి వార్షిక సంకలనం. 1990 నుంచి ఏడాది కథల్లో కొన్నింటిని ఏరి ‘కథ’ పేరుతో తెస్తున్నారు. వాళ్ల ఎంపికతో నేను ఏటా పోట్లాడతాను, అయినా ఏటా కొంటాను. అందులోని రచయితల పేర్లు పట్టుకుని, వాళ్ల సంపుటాలు ఎప్పుడు వస్తాయా అని కనిపెట్టుకుని ఉంటాను. మా శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు గారు) 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయం వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతికితే, ఆ రచయిత పాత కథలు ఏ పత్రికలో ఎప్పుడు వచ్చాయో తెలుస్తుంది, చాలా వాటి ప్రతులు అక్కడే చదవవచ్చు. కొత్త రచయితను కొనే ముందు ఒక పాత కథ చదివి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

హైదరాబాదు నుంచి స్ఫూర్తి

పెద్దలందరూ పత్రికలు, పురస్కారాలు అంటున్నారు. మా వయసువాళ్లకు కబురు వచ్చే తోవ వేరు. ఛాయ, అన్వీక్షికి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, మలుపు వంటి ప్రచురణ సంస్థల సామాజిక మాధ్యమాల పేజీలను అనుసరిస్తే చాలు, ముఖచిత్రం ఖాయమైన రోజే తెలిసిపోతుంది. ముందస్తు కొనుగోలుకు వాట్సాప్‌లో పేరు ఇస్తే, విడుదలైన వారంలో పుస్తకం ఇంటికి వస్తుంది. సమీక్ష రాసేవారి కోసం ఎదురుచూడనక్కరలేదు.

నేను ప్రచురణకర్తను ఎంచుకుంటాను, తరువాతే పుస్తకాన్ని. బుక్ ట్రస్ట్ 1980 నుంచి అనువాదాలకూ సామాజిక విషయాలకూ పేరుపడింది. వాళ్ల పేరు చూసి, రచయిత ఎవరో తెలియకుండానే కొన్న సందర్భాలు ఉన్నాయి. కొత్త సంస్థల్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క అభిరుచి. రెండు మూడు పుస్తకాలు చదివితే, మనకు సరిపడుతుందా లేదా అన్నది తేలిపోతుంది.

డిసెంబరు రెండవ సగంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన సరే, ఏడాది పొడవునా కాచిగూడ నవోదయ ఉంది. అక్కడ కొత్తగా వచ్చినవి బల్లమీద పరిచి ఉంటాయి. అడిగితే, మొహమాటం లేకుండా, ఏది కదులుతోందో ఏది కదలడం లేదో చెబుతారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది బజారు మాత్రం కొత్త పుస్తకాలకు కాదు, అదృష్టం కొద్దీ దొరికే పాతవాటికి.

పుణె పాఠకుడు

స్ఫూర్తి గారూ, మీరు చెప్పినవి నేనూ చూస్తున్నాను. నా సందేహం అక్కడే ఉంది. ప్రచురణకర్త పేజీలో ప్రతి పుస్తకమూ అద్భుతమే. రచయిత మిత్రులు రాసే పరిచయాల్లోనూ అద్భుతమే. ముందుమాటల సంగతి చెప్పనే అక్కరలేదు, ఒక్కొక్క పుస్తకానికి మూడేసి ముందుమాటలు. బాగాలేదని రాసే సమీక్ష తెలుగులో ఎక్కడైనా కనిపిస్తోందా?

మిషిగన్ నుంచి ఒక పాఠకుడు

కనిపిస్తుంది, కొంచెం వెతకాలి. 1998 నుంచి వస్తున్న అంతర్జాల పత్రిక ‘ఈమాట’లో సమీక్షలకన్నా, వాటి కింద పాఠకులు రాసే అభిప్రాయాలు చదవండి. అక్కడ మొహమాటాలు తక్కువ. రచయిత, సమీక్షకుడు, మూడో మనిషి కలిసి వాదించుకున్న పాత చర్చలు కొన్ని, అసలు పుస్తకం కన్నా బాగుంటాయి. పదిహేను రోజులకొకసారి వచ్చే మరో అంతర్జాల పత్రిక ‘సారంగ’లో కొత్త రచయితలు ఎక్కువ. అక్కడ పద్యమో కథో నచ్చితే వాళ్ల పుస్తకం కోసం చూస్తాను. 2009లో మొదలైన పుస్తకం.నెట్‌లో వెనుకటి పరిచయాలు పెద్ద నిధి. కొత్త సంవత్సరం మొదట్లో ‘గత ఏడాది నేను చదివినవి’ అని పాఠకులు రాసిన వ్యాసాల వరుస అక్కడ ఉంది, ఎవరి అభిరుచి మన అభిరుచికి దగ్గరగా ఉందో తేల్చుకోవడానికి అవి చాలా పనికివస్తాయి. ఆ వ్యాసాలు చదివి అలాంటివారిని ఇద్దరిని గుర్తుపెట్టుకున్నాను. వాళ్లు మెచ్చినది కొంటాను. వారిలో ఒకరికి నచ్చనిది కూడా కొంటాను, ఎందుకంటే ఆయనకు నచ్చకపోవడానికి గల కారణాలే నాకు ఇష్టమైనవి.

మేము ఇక్కడ డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బువంటి చదువరుల బృందాల్లో నెలకొక పుస్తకం తీసుకుని మాట్లాడుకుంటాము. పదిమంది చదివి వచ్చినచోట, ‘అద్భుతం’ అని తప్పించుకోవడం కుదరదు. ఎవరో ఒకరు ‘నూటయాభయ్యో పుట దగ్గర కథ ఎందుకు చచ్చిపోయింది?’ అని అడుగుతారు. మీరు పుణెలో ఇంకో నలుగురు తెలుగువాళ్లను పోగుచేయగలిగితే, మీ ప్రశ్నకు అంతకు మించిన జవాబు ఇక్కడ ఎవరూ ఇవ్వలేరు.

సమీక్షలను చదవడంలో ఒక కిటుకు ఉంది. సమీక్షకుడు పుస్తకంలోంచి ఏమి ఉటంకించాడో చూడండి. విశేషణాలు మాత్రమే ఉండి ఒక్క వాక్యమైనా ఎత్తిచూపకపోతే, ఆయన అట్టమీది మాటలు మాత్రమే చదివి ఉండవచ్చు. రెండు పేరాలు ఎత్తి ఇస్తే, ఆ రెండు పేరాల్నిబట్టి మనమే తేల్చుకోవచ్చు.

బెజవాడ పాఠకురాలు

మిషిగన్ వారు చెప్పిన కిటుకు బాగుంది. దానికి ఒకటి కలుపుతాను. ముందుమాట రాసినవారు పుస్తకంలోని లోపాన్ని ఒక్కటైనా, ఎంత మెత్తగానైనా ప్రస్తావించారా అని చూస్తాను. ప్రస్తావించి ఉంటే, ఆ పుస్తకాన్ని రచయిత ధైర్యంగా అచ్చువేశాడని లెక్క.

ఇద్దరు పిల్లల తల్లి, బెంగళూరు

చర్చ అంతా పెద్దల పుస్తకాల చుట్టూ తిరుగుతోంది. పిల్లల పుస్తకాలకు నేను నమ్ముకున్నది సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థను. బొమ్మల పుస్తకాలు చవకగా, శుభ్రమైన తెలుగులో వస్తాయి. తానాతో కలిసి పోటీలు పెట్టి కొత్త రచయితలనూ చిత్రకారులనూ తెస్తున్నారు. మా పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం కూడబలుక్కుంటారు. అందుకని ముందు వినిపిస్తాను. దాసుభాషితం ఆప్‌లోని శ్రవణ పుస్తకాలు, హర్షణీయం పాడ్‌కాస్ట్‌లోని కథలు నా ప్రయాణాల్లో నాకే ఎక్కువ ఉపయోగపడ్డాయి. యూట్యూబ్‌లో కిరణ్‌ప్రభ గారి ప్రసంగాలు విని మా అత్తగారు పుస్తకాలు తెప్పించమంటున్నారు. చదివించే బాధ్యత కోడలిది అన్నమాట.

గుంటూరు సుబ్బారావు

ఇంత కష్టం దేనికండీ? టెలిగ్రామ్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు కావలసినన్ని దొరుకుతున్నాయి కదా.

విశ్రాంత గ్రంథపాలకుడు, నల్లగొండ

సుబ్బారావు గారూ, రచయిత మరణించిన 60 ఏళ్ల తరువాత పుస్తకం అందరిదీ అవుతుంది. అలాంటివి వికీసోర్సులో, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చట్టబద్ధంగా ఉన్నాయి, హాయిగా చదువుకోండి. బతికి ఉన్న రచయిత 500 ప్రతులు వేసుకుంటే, అందులో 200 అమ్ముడైతేనే అచ్చు ఖర్చు చేతికి వస్తుందనుకోండి. మీ గ్రూపులో ఉన్నవారే అంతకు పదిరెట్లు ఉంటారు. ఆ రచయిత రెండవ పుస్తకం వేయడు. అప్పుడు ఈ చర్చలో వెతకడానికి కొత్త పుస్తకమే ఉండదు.

గుంటూరు సుబ్బారావు

దొరకని పుస్తకం సంగతి ఏమిటి మరి? తొంభైల్లో వచ్చి మళ్లీ అచ్చుకాని నవలలు ఎన్నో ఉన్నాయి. కొందామన్నా అమ్మేవారు లేరు.

విశ్రాంత గ్రంథపాలకుడు, నల్లగొండ

ఆ మాట న్యాయమైనదే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. హైదరాబాదులో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, మీకు దగ్గరలోనే వేటపాలెం సారస్వత నికేతనం, వీటిలో కూర్చుని చదువుకోవడానికి దొరికేవి మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ. రచయిత ఉన్నా, వారసులు ఉన్నా, ఒక కార్డు రాయండి. అలా పాఠకులు అడగడం వల్ల మలి ముద్రణకు సాహసించిన ప్రచురణకర్తలు నాకు తెలుసు.

పుణె పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా సోమవారం పుటల అడుగున ఉన్న చిన్న అక్షరాలతో మొదలుపెడుతున్నాను. ఒక ఆచరణ సంబంధమైన ప్రశ్న మిగిలింది. రచయితలకే ఫోను చేసి తెప్పించుకుంటే, 150 రూపాయల పుస్తకానికి కొరియరు ఖర్చు దాదాపు అందులో సగం అవుతోంది. దీనికి ఏం చేస్తున్నారు?

సిక్కోలు ఉపాధ్యాయుడు

పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తివేసినప్పుడు మేమంతా ఇదే బాధపడ్డాము. 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని కొత్తది పెట్టారు. విద్యా, సాంఘిక, సాంస్కృతిక, మత సంబంధమైన అచ్చు పుస్తకాలకు వర్తిస్తుంది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గాన వెళుతుంది కనుక నిదానంగా చేరుతుంది, ఎక్కడుందో మాత్రం తెలుసుకోవచ్చు. కౌంటరులో ఆ పేరు చెప్పి అడగమని రచయితకు ముందే చెప్పండి, అడగకపోతే స్పీడుపోస్టులో వేసేస్తారు. ఒక్కొక్కటిగా కాకుండా నాలుగైదు పుస్తకాలు ఒకే కట్టలో తెప్పించుకుంటే ఇంకా కలిసివస్తుంది. అందుకు ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరు ముగ్గురు రచయితల పుస్తకాలను ఒకరి దగ్గరికి చేర్చి పంపమని అడగవచ్చు. మా శ్రీకాకుళం, విజయనగరం రచయితలవి ఏవైనా కావాలంటే పేర్లు ఇక్కడ రాయండి, కట్ట నేను కట్టిస్తాను.